బాసిపట్టు నుంచి కుర్చీ దాకా

మన ఆలయంలో పూజ మొదలయ్యే వేళ ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వెనుక వరుసలోని కుర్చీలలో కూర్చుంటారు. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు అయిదు నిమిషాలు గడవకముందే నడుము వాల్చి, కాళ్ళు చాపుతారు. “నిటారుగా కూర్చో నాన్నా” అని తల్లి మెల్లగా వీపు తడుతుంది. తరతరాలుగా మన ఇళ్ళలో వినిపిస్తున్న మాట ఇది. అయితే మన పూర్వులు ఎలా కూర్చునేవారు? ఆ అలవాటు మారడం వల్ల మన శరీరానికి ఏమైంది? ఈ ప్రశ్నలకు చరిత్రలో ఆసక్తికరమైన సమాధానాలు ఉన్నాయి.

ముందుగా మన భాషనే చూద్దాం. రెండు కాళ్ళూ మడిచి కూర్చుంటే బాసిపట్టు అన్నారు. తెలంగాణలో దానినే సక్లముక్లం అంటారు. పిరుదులు నేలకు తగలకుండా, మోకాళ్ళు మడిచి పాదాల మీద కూర్చుంటే గొంతుక్కూర్చోవడం. అలసిపోయి నేలకు ఆనుకుపోతే చతికిలబడటం. కుర్చీ అన్న మాట మాత్రం అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. ఎత్తయిన ఆసనం మనకు తెలియనిది కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను మీ పిల్లలకు చూపించండి. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి ఆ సున్నపురాతి ఫలకాలలో బుద్ధునికి గుర్తుగా ఖాళీ సింహాసనం కనిపిస్తుంది; దాని చుట్టూ భక్తులు నేలపై మోకరిల్లి చేతులు జోడించి ఉంటారు. ఎత్తుపీట పూజ్యులకు, ప్రభువులకు. సామాన్యులకు నేలే ఆసనం.

ఎలా కూర్చోవాలన్న విచారణ కూడా మనకు ప్రాచీనమైనదే. శరీరం, మెడ, శిరస్సు ఒకే వరుసలో ఉండాలని భగవద్గీత ఆరవ అధ్యాయం ధ్యానం చేసేవారికి చెబుతుంది. ఆసనం స్థిరంగా ఉండాలి, సుఖంగానూ ఉండాలి అని పతంజలి యోగసూత్రాల భావం. ఇక్కడ రెండవ షరతును మనం మరచిపోతుంటాం. నిటారుగా ఉండటమంటే కర్రలా బిగుసుకుపోవడం కాదు.

ఇక వీధి బడుల సంగతి. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు ఉన్నాయి. పిల్లలు నేలపై పోసిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. బడిలోని శిక్షలు క్రూరమైనవే. వాటిలో ఒకటి మాత్రం ఆయనకు కొంత భిన్నంగా తోచింది. పిల్లవాడు ఆపకుండా కిందికి వంగి లేస్తూ ఉండాలి. అది ఎంతో బాధాకరమే అయినా, బహుశా ఆరోగ్యానికి మేలు చేసే శిక్ష అని ఆయన రాశాడు. ఆ వర్ణన చదివితే మనకు గుర్తుకు వచ్చేవి గుంజీళ్ళే.

అదే కాలానికి ఐరోపాలో పిల్లల వెన్నెముక ఒక శాస్త్రానికే విషయమైంది. 1741లో పారిస్ వైద్యుడు నికొలాస్ ఆండ్రి పిల్లల శరీర వైకల్యాలను సరిదిద్దడంపై ఒక గ్రంథం రాసి, ఆర్థోపెడిక్స్ అన్న పేరుకు మూలమైన పదాన్ని సృష్టించాడు. వంకర మొక్కను నిటారైన గుంజకు కట్టిన బొమ్మ ఆ గ్రంథంలోనిదే. నేటికీ ఎముకల వైద్యులకు అది చిహ్నం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న మన సామెతకు అది బొమ్మ గీసినట్లే ఉంటుంది. బడులలో బల్లలు, బెంచీలు విస్తరించిన కొద్దీ పిల్లల కూర్చునే తీరుపై ఆందోళన కూడా పెరిగింది. 1913లో అమెరికాలో జెస్సీ బాంక్రాఫ్ట్ బడిపిల్లల భంగిమపై ఒక పుస్తకమే వెలువరించింది.

అయితే వీపు నిలబెట్టడం ఒక్కటే చాలదని తరువాతి పరిశోధనలు చెప్పాయి. 1953లో జెర్రీ మోరిస్ బృందం లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. 1960 దశకంలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులపై ఒత్తిడిని కొలిచాడు. నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు అది ఎక్కువ. మన తల బరువు సుమారు 5 కిలోలు. ఫోను కోసం దానిని 60 డిగ్రీలు వంచితే మెడపై పడే భారం దాదాపు 27 కిలోలని 2014లో అమెరికా వైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టాడు. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ళ వారిపై జరిగి, 2012లో వెలువడిన మరో అధ్యయనం, చేతుల ఊతం లేకుండా నేలపై కూర్చుని లేవగలిగిన వారు మిగిలినవారి కంటే ఎక్కువ కాలం జీవించారని గమనించింది. కూర్చుని లేవడమే ఆయుష్షు పెంచిందని దీని అర్థం కాదు. కాళ్ళ బలానికీ, కీళ్ళ సడలికకూ, తూకానికీ అది ఒక కొలత.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసింది ఒకటుంది. నేలపై కూర్చోవడంలో మహిమ ఏమీ లేదు. మన నాయనమ్మలు భోజనానికి, వంటకు, ముగ్గుకు, పూజకు రోజుకు ఎన్నోసార్లు కూర్చుని లేచేవారు. మేలు చేసినది ఆ కదలిక. మనం కుర్చీని తెచ్చుకున్నందుకు కాదు, అందులోంచి లేవడం మానినందుకు నష్టపోతున్నాం.

కాబట్టి ఇంట్లో కొన్ని అలవాట్లు చేసుకుందాం. తెర కంటికి సమానమైన ఎత్తులో ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి. చిన్నపిల్లలకు అందకపోతే కింద ఒక పీట వేయండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. బడి సంచీని రెండు భుజాలకూ తగిలించుకోవాలి. రోజుకు ఒక పూటైనా పిల్లలతో కలిసి నేలపై కూర్చుని భోంచేద్దాం. మోకాళ్ళు, తుంటి బాధించే పెద్దలు పట్టుదలకు పోకుండా కుర్చీలోనే కూర్చోవాలి. అందులో చిన్నతనమేమీ లేదు. నొప్పి తగ్గకపోయినా, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతున్నా వైద్యుని చూడాలి.

వచ్చే వినాయక చవితికి స్వామి ఎదుట పిల్లలు గుంజీళ్ళు తీస్తున్నప్పుడు, ఒకప్పటి వీధి బడుల కథ వారికి చెప్పండి. బాసిపట్టు, సక్లముక్లం, గొంతుక్కూర్చోవడం అన్న మాటలను నోటితో పలికిస్తూ, ఒక్కొక్కటీ వారి చేత కూర్చుని చూపించమనండి. వీలైతే మనమూ వారి పక్కన కూర్చుందాం.