బెజవాడ జంక్షను: రైలుమీద మమకారానికి మూలాలు

ఇంగ్లీషువాడు ఎంత దోచినా రైలు మాత్రం యిచ్చిపోయాడు గదా అనే మాట మన కళాశాలల్లో యిప్పటికీ వినవస్తూనే వున్నది. విద్యార్థులే కాదు, చరిత్ర చదివిన ఉపాధ్యాయులు కూడా అంటారు. దీనికి జవాబుగా, రైలు కేవలం దోపిడీ సాధనమని కొట్టిపారేసే అభ్యుదయవాదులూ వున్నారు. మొదటి మాట అబద్ధం. రెండోది సగం నిజం, చిక్కంతా దానితోనే. దోపిడీకోసమే వచ్చిన బండిమీద మన జనానికి యింత మమకారం ఎందుకు? గేటు పడితే చివరి పెట్టె దాటేదాకా పిల్లలూ పెద్దలూ కళ్ళప్పగించి చూడటం ఎందుకు? జనం మోసపోయారని చెప్పి తప్పుకుంటే అది విమర్శ అనిపించుకోదు.

ముందు కృష్ణా డెల్టా సంగతి చూద్దాం. రైలు వచ్చి మేలుకొలిపేదాకా యిది నిద్రపోతున్న ప్రాంతం కాదు. 1855 నాటికే బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరు పెట్టటమే కాదు, సరుకు కూడా మోశాయి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. కొమ్మమూరు కాలువ బకింగుహాం కాలువద్వారా మద్రాసుకు దారి యిచ్చింది. లాకు దగ్గర నీటిమట్టం సరిపోయేదాకా పడవ ఆగటం, సరంగు కేకలు, తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవ లాగే కూలీ - అదీ ఆనాటి రవాణా. రైళ్ళమీద పోసే డబ్బు కాలువలమీద పెట్టండని ఆర్థర్ కాటన్ 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట కూడా వాదించాడు. (ఆయన చూపించిందీ సర్కారుకు వచ్చే లాభం లెక్కే; విగ్రహానికి దండ వేసేటప్పుడు యీ సంగతి మనకు గుర్తురాదు.) కాని కాలువకు లేని బలం రైలుకు వున్నది. తొలి రైల్వే కంపెనీల వాటాదారులకు, బండి నడిచినా నడవకపోయినా, నూటికి అయిదు వడ్డీ మన పన్నుల్లోంచి వస్తుందని హామీ.

ఈ హామీ స్వరూపం నైజాం రైల్వే విషయంలో మరీ స్పష్టం. లండనులో పుట్టిన కంపెనీకి నైజాం ఖజానా యిరవై యేళ్ళపాటు నూటికి అయిదు పూచీపడింది. 1883లో, చాందా రైల్వే పథకమనే పేరుతో యీ ఒప్పందం నడుస్తుండగా, షరతులేమిటో ప్రజలకు చెప్పమని హైదరాబాదులో కొందరు అడిగారు. వారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ వొకరు. జవాబుగా ఆయనను రాజ్యంనుంచి వెళ్ళగొట్టారు. తెలుగుదేశంలో రైలు గురించి జరిగిన తొలి రాజకీయ పోరాటాల్లో యిదొకటి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి వొక్క పంక్తి దొరకదు. ఆ రైలు 1889లో బెజవాడ చేరింది. అదే సంవత్సరం యిల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గు లేనిదే బండి లేదు, బండి లేనిదే ఆ బొగ్గుకు బజారు లేదు.

1888 ప్రాంతంలో గుంతకల్లు వైపునుంచి మీటరుగేజి, 1893-96 మధ్య కటకం దాకా తూర్పుతీరపు రైలు, 1899లో మద్రాసు లైను - పదేళ్ళలో బెజవాడ జంక్షనయింది. గేజీలు వేరు కావటంవల్ల వొక బండి బస్తా మరొక బండికి మనిషి వీపుమీదనే మారవలసివచ్చేది. కాలువ యేనాడో చేరిన బందరుకు రైలు 1908లోగాని రాలేదు. రేవు బతకటానికి కాదు; తీరా ఆ రైలు వచ్చాక వ్యాపారం మద్రాసు వైపే జారింది.

భారతదేశంలో రైలు ఆధునిక పరిశ్రమకు ముందడుగు అవుతుందని మార్క్స్ 1853లో రాశాడు. మన మిత్రులు తరచు ఉదహరించేది అక్కడికే. పరాయి పాలన తొలగేదాకా దాని ఫలం భారతీయులకు దక్కదని ఆ వ్యాసంలోనే వున్నది. జరిగిందీ అదే: యింజన్లలో అత్యధిక భాగం ఇంగ్లండునుంచి దిగుమతి అవుతూ వచ్చాయి, చిత్తరంజన్ కర్మాగారం 1950లోగాని మొదలుకాలేదు.

అయితే జనానికి దక్కిందేమిటి? ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల్ని వొక లెక్క వేయమంటాను. ఆయన 1830 మేలో మద్రాసునుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. సుప్రీంకోర్టు ఉద్యోగి, వెంట పరివారం, పల్లకీ. ఆ పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ చూశారు. కాని టిక్కెట్టు కొనుక్కుని, తమ కాళ్ళు చాపుకుని కాదు. మూడో తరగతి పెట్టె తెచ్చిన మార్పు యిదీ. అది పశువుల దొడ్డిలా వుండేదని గాంధీ 1917లో దానిమీదే వొక చిన్న పుస్తకం వేశాడు. స్టేషన్లలో మంచినీళ్ళు కూడా హిందువులకు వేరు, ముస్లిములకు వేరు. రైలు కులాన్ని కూల్చిందనే మాట నేను నమ్మను. కాని పక్కవాడి కులం అడగకుండానే బల్లమీద సర్దుకు కూర్చోవలసిన అవసరాన్ని అది కల్పించింది. నాలుగు దిక్కులనుంచి బండ్లు చేరే వూరు కాకపోతే 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం బెజవాడలో జరగటం కష్టమే. మమకారం పుట్టింది కంపెనీ వేసిన పట్టాలమీద కాదు, జనం నింపిన పెట్టెలో.

ఆ బండి నడిపినవాడి సంగతి మమకారంలో తరచు మాయమవుతుంది. ఎనిమిది గంటల పని అడిగి, 1974 మే 8నుంచి యిరవై రోజులు, దాదాపు 17 లక్షలమంది రైల్వే కార్మికులు సమ్మె చేశారు. వేలమందిని జైళ్ళలో పెట్టారు, కుటుంబాలను క్వార్టర్లనుంచి గెంటారు. మూడో తరగతి అనే పేరు తీసివేసిందీ ఆ సంవత్సరమే. పేరే పోయింది, బల్ల మాత్రం అదే.

2020 మార్చిలో కరోనా మూలంగా పాసింజరు బండ్లు ఆగాయి. తిరిగి నడిపినప్పుడు అవే స్టేషన్లు, అదే వేగం. పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్. పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దిగింది. ఈ మధ్యకాలంలో గుడివాడనుంచో తెనాలినుంచో పనికోసం బెజవాడ వచ్చే కూలీ, మూడు రెట్లు పెట్టి కొన్న టిక్కెట్టుతో ఆ పాత పెట్టెలోనే నిలబడి వచ్చాడు.