ఇంటి కంప్యూటరు: దానికి చేరిన తోడు పనిముట్లు, సేవలు



నేటి ప్రసంగమునకు విషయము గృహములందు వాడబడు కంప్యూటరు. అంతకంటె ముఖ్యముగా కాలక్రమమున దానికి వచ్చి చేరిన తోడు పనిముట్లు, తంతి మీదుగా ఇంటికి వచ్చిన సేవలు. ఇది పిన్నలకు సంబంధించిన సంగతి, మనకేల యని పెద్దలు కొందరు తలంపవచ్చును. కాని మీ పొలము అడంగలు, మీ పింఛను, మీ బ్యాంకి లెక్క ఇప్పుడు ఆ యంత్రములందే యున్నవి. తన ఆస్తిని దాచిన పెట్టె ఎట్టిదో, దాని తాళపుచెవి ఎవరి చేత నున్నదో తెలిసికొనుట పెద్దలకు తగిన పనియే కదా.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వాడు కలమును మీలో పలువురు చూచియే యుందురు. అది ఒక వెదురుపుల్ల. కొన చెక్కి, కొంచెము పైగా ఉన్నిని గాని గుడ్డను గాని చుట్టి, దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చి పట్టుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది రంగు కొనకు దిగును. పుల్ల ఒక్కటే యైనచో రెండంగుళములకే గీత ఎండిపోవును. చుట్ట చేరిన పిమ్మటనే అది కలమగుచున్నది. కంప్యూటరు చరిత్రయు ఇట్టిదే. లెక్కించుటయే దాని సహజశక్తి. వ్రాయుట, అచ్చువేయుట, చూచుట, దూరమున నున్నవారితో మాటలాడుట, ఇవన్నియు దానికి తరువాత తోడైనవి.

ఈ కథకు మొదలు అమెరికాలో నున్నది. 1977లో యాపిల్ కంపెనీవారు యాపిల్-2 అను చిన్న యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. దాని మూత తీసినచో లోపల 8 గాడులు కనబడెడివి. ఒక్కొక్క గాడిలో కార్డు అనబడు పలకను గ్రుచ్చి యంత్రమునకు ఒక్కొక్క క్రొత్త విద్యను నేర్పవచ్చును. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వారు తమ పర్సనల్ కంప్యూటరును వెలువరించిరి. అందు 5 గాడులు. అంతేకాక ఆ యంత్రపు కట్టుబడి వివరములను వారు గ్రంథముగా ప్రచురించిరి. దానిని చదివి ఇతర కంపెనీలవారు వందల కొలది కార్డులను, పనిముట్లను చేసి అమ్మసాగిరి. తలుపు తెరచి యుంచినవాని ఇంటికే పదిమంది వచ్చుదురు. ఆ యంత్రము లోకమంతట వ్యాపించుటకు ఇది ప్రధానకారణములలో నొకటి.

అయితే చాలకాలము వరకు ప్రింటరునకు ఒక తీరు తీగ, మౌసునకు మరియొక తీరు, కీబోర్డునకు వేరొక తీరు ఉండెడివి. 1996లో యు.ఎస్.బి. అను ఒకే విధమైన సంధి ఏర్పడిన తరువాతనే సామాన్యుడు ఎవరిని పిలువకుండ తన పనిముట్టును తానే తగిలించుకొనగలిగెను.

ఇక దూరసేవల సంగతి. టెలిఫోను తీగ మనుష్యుని కంఠము కొరకు వేయబడినది. కంప్యూటరునకు కంఠము లేదు. దానికి తెలిసినవి సున్నయు ఒకటియు మాత్రమే. ఆ అంకెలను కూతలుగా మార్చి తీగపై పంపుటకును, అవతలి కూతలను మరల అంకెలుగా మార్చుటకును మోడెము అను పనిముట్టు వచ్చినది. తొలినాటి గృహ మోడెములు సెకనుకు 300 అంకెలు పంపెడివి. అనగా సుమారు 30 అక్షరములు. 1,800 అక్షరముల పుట ఒకటి వచ్చుటకు ఒక నిమిషము పట్టెడిది. చదువుటకు పట్టు కాలముతో పోల్చినచో ఇది అంత తక్కువ కాదు.

ఆ తీగ అవతలి చివర వినదగినది ఏమైన ఉండవలెను గదా! అమెరికాలో కంప్యూసర్వ్ అను కంపెనీ యుండెను. దాని పెద్ద యంత్రములు పగలు వ్యాపారసంస్థల లెక్కలు చేసి, రాత్రులు ఊరక యుండెడివి. ఆ ఖాళీ గంటలను వారు 1979లో గృహస్థులకు అమ్మసాగిరి. ఫ్రాన్సు దేశమువారి మార్గము వేరు. అచటి ప్రభుత్వ టెలిఫోను శాఖ 1982 మొదలు మినిటెల్ అను చిన్న తెరను చందాదారుల కుచితముగా పంచిపెట్టెను. దానిలో టెలిఫోను నంబరులు వెదకుకొనుట, రైలు టిక్కెట్లు కొనుట జరిగెడివి. ఆ సేవ ముప్పది సంవత్సరములు నడచి 2012 జూను 30వ తేదీన ముగిసినది. యంత్రము గొప్పదగుట చేత కాదు, దాని వలన ఇంటిపని తీరుట చేతనే అక్కడి ముసలివారు సైతము దానిని వాడిరని నా తలంపు.

మన దేశమున 1984 నవంబరులో కేంద్రప్రభుత్వము క్రొత్త కంప్యూటరు విధానమును ప్రకటించి దిగుమతి నిబంధనలను సడలించెను. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టును అందించిరి. మొదట అది మహానగరములకే దక్కినది. కేంద్రము లేని ఊరివారు ఎస్.టి.డి. రుసుము చెల్లించి దూరనగరమునకు పిలుపు చేయవలసి వచ్చెను. ఆ కాలమున అనేకులకు ఇంట టెలిఫోనే లేదు. కావున మన జిల్లాలో తొలుత కంప్యూటరు ఇంటిలోనికి రాలేదు. వీధి దుకాణములోనికి వచ్చినది.

ఇంతవరకు చెప్పినదంతయు ఆంగ్లాక్షరములతో నడచిన కథ. ప్రింటరు వచ్చినను, మోడెము వచ్చినను, తెలుగు తప్ప వేరొకటి రాని గృహస్థునకు ఆ యంత్రము మూగది. ఆ మూగతనమును పోగొట్టుటకు జరిగిన ప్రయత్నము మనకు అన్నిటికంటె ముఖ్యమైనది. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన పరిశోధనను 1988 తరువాత పూనాలోని సి-డాక్ సంస్థవారు కొనసాగించి జిస్ట్ కార్డు అను పలకను సిద్ధపరచిరి. దానిని కంప్యూటరు గాడిలో గ్రుచ్చినచో, ఆంగ్లము కొరకు వ్రాయబడిన కార్యక్రమములలోనే తెలుగు, కన్నడము, హిందీ మొదలగు లిపులు తెరపై కనబడెడివి. ఒక చిన్న పలక చేరుటతో యంత్రమునకు అక్షరాభ్యాసమైనదన్నమాట.

అక్షరములను నొక్కుటకు 1986లో ప్రభుత్వము ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు క్రమమును నిర్ణయించెను. అందు అచ్చులు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. తెలుగున 'క' ఏ మీట నుండునో హిందీలోను, తమిళములోను అదే మీట. అక్షరమాల వచ్చినవానికి ఈ క్రమము శీఘ్రముగా పట్టుబడును. దీనికి ఆంగ్లము రానక్కరలేదు. ఈ సంగతి నేటికిని పలువురికి తెలియకపోవుట విచారకరము.

అచ్చుకూటములవారు మాత్రము వేరు మార్గము పట్టిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క రకపు ఫాంటును వాడిరి. ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు ముక్కలను కూర్చిరి. ఒక దుకాణమున కూర్చిన పత్రమును మరియొక దుకాణపు యంత్రమున తెరచినచో అర్థములేని గుర్తుల గుంపు కనబడెడిది. అట్టి శుభలేఖ నొకదానిని నేనును చూచియున్నాను. వధూవరుల పేర్లుండవలసిన చోట కామాలు, కుండలీకరణములు, ఆంగ్లాక్షరములు బారులు తీరి యుండెను. ఊరేదో తెలియదు, ముహూర్తమేదో తెలియదు. పెండ్లిపత్రికకు గతి ఇది యైనచో భూమిపత్రము మాట ఏమి?

ఈ చిక్కును తీర్చినది యూనికోడ్ అను ప్రపంచ సంకేతము. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. ఆ కేటాయింపు ఇంటింటికి చేరుటకు పదేండ్లు పట్టెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో తెలుగక్షరములు ఏ కార్డును లేకయే తెరపై నిలువసాగినవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యను బహుజనరచితమైన విజ్ఞానసర్వస్వము పుట్టెను. కార్డుగా యంత్రమునకు చేరిన తెలుగు, ఈ విధముగా యంత్రములోని భాగమే యైపోయినది.

ఇక మన సీమకు వత్తము. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డ్' అను పేరిట దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటరులపైకి మార్చెను. ఈ పేరునకును, పైన చెప్పిన పలకకును సంబంధము లేదు. 2002లో చిత్తూరు జిల్లా కుప్పములో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీవారు ప్రభుత్వముతో కలిసి గ్రామములకు కంప్యూటరు సేవల నందించు ప్రయత్నము నారంభించిరి. ఆ ప్రయత్నములో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వానికి కరెంటు నిచ్చు సూర్యఫలకము ఇచ్చి ఫోటో తీయుట నేర్పిరి. వారు పల్లెలు తిరిగి గుర్తింపుకార్డులకు, శుభకార్యములకు ఫోటోలు తీసి, అక్కడికక్కడనే అచ్చువేసి ఇచ్చి, సంపాదన చేసికొనిరి. పనిముట్టు చేతి కందినప్పుడు కూలి చేసికొను స్త్రీ సైతము వృత్తిగలది కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

2011 నవంబరులో మీసేవ కేంద్రములు మన చిత్తూరు జిల్లాలో మొదలై పిమ్మట రాష్ట్రమంతట వ్యాపించినవి. 2015లో మీభూమి ద్వారమున అడంగలు, 1-బి పత్రములు ఇంటనుండియే చూచుకొను వీలు కలిగెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఏర్పడినవి. 2025 జనవరి 30వ తేదీన 'మన మిత్ర' యను పేరిట ప్రభుత్వసేవలు వాట్సాప్‌లోనికి వచ్చినవి. ఈలోగా కంప్యూటరు ఫోనుగా చిక్కి జేబులోనికి చేరినది. కెమెరా, మోడెము, కీబోర్డు, వేరుగా కొని తగిలించవలసిన సమస్తమును ఒక్క బిళ్లలో నిమిడినవి.

ఇచట మనము ఆలోచింపవలసినది యున్నది. పూర్వము పల్లెలో చదువు వచ్చినవాడు ఒకడో ఇద్దరో ఉండెడివారు. జాబు వచ్చినను, నోటీసు వచ్చినను వానివద్దకే పరుగెత్తవలెను. వాడు చదివినదే జాబు, వాడు చెప్పినదే దాని అర్థము. భూమి లెక్కలు కరణము చేతిలో ఉండెడివి. 1984లో ఆ గ్రామోద్యోగములు రద్దైనవి. కాని ఇతరుని చేతిపై నాధారపడుట రద్దైనదా? దుకాణమున కౌంటరు వెనుక కూర్చున్న కుర్రవానికి మన ఆధారు నంబరు చెప్పుచున్నాము, వ్రేలిముద్ర వేయుచున్నాము, ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను బిగ్గరగా చదివి వినిపించుచున్నాము. అతడు సజ్జనుడే కావచ్చును. అయినను తెరపై నేమున్నదో మనము చదువము. చదువు లేని దినములలో ఇది గత్యంతరము లేని పని. అక్షరములు తెలిసిన మనకు, ఆ అక్షరములు తెరపై తెలుగుననే కనబడుచుండగా, ఇది తగునా?

కావున నా మనవి ఇది. ఇంటికి ఒక కంప్యూటరు గాని మంచి ఫోను గాని యున్నచో, మొట్టమొదట దానికి చేర్పవలసినది ఖరీదైన పనిముట్టు కాదు, తెలుగు కీబోర్డు. అది ఫోను అమరికలలోనే యుండును, దానికి పైకము లేదు. రెండవది అక్షరముల పరిమాణమును కన్నులకు తగినట్లు పెద్దది చేయుట. కరెంటు నిలకడ లేని చోట కంప్యూటరునకు బ్యాటరీ తోడు కావలెను. ప్రింటరును మాత్రము నెలకు పది పుటలైన అవసరమున్నప్పుడే కొనవలెను. లేనిచో దుకాణమే చౌక. పిమ్మట మనుమని గాని మనుమరాలిని గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ పొలము 1-బి పత్రమును మీరే తెరచి, సర్వే నంబరు, విస్తీర్ణము, పేరు సరిగా నున్నవో లేవో మీరే చదువుడు. తప్పున్నచో వ్రాసిపెట్టుకొని సచివాలయమునకు వెళ్లుడు.

ఒక జాగ్రత్తను చెప్పి ముగింతును. ఫోనునకు వచ్చు రహస్యసంఖ్య ఇంటి తాళపుచెవి వంటిది. బ్యాంకివారమని, పోలీసులమని ఎవరు పిలిచి అడిగినను చెప్పరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు పిలుపు చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపుటకు అంత వీలుండును.

శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగని మన పెద్దలు చెప్పుదురు. ఇంటర్నెట్టునకు తెలుగువారు అంతర్జాలమని పేరు పెట్టుకొనిరి. తాను అల్లిన జాలమున సాలెపురుగు ఏ పోగు ఎచటికి పోవునో ఎరిగి తిరుగాడును; ఎరుగని ఈగ చిక్కుకొనును. మనకు పోగులన్నియు తెలియనక్కరలేదు. మన ఇంటికి వచ్చు పోగు ఒక్కటి తెలిసిన చాలును.