నేల ఎత్తుల్లో నదుల చరిత్ర

నది చరిత్ర తెలియాలంటే ముందు నేల ఎత్తుపల్లాలు తెలియాలి. మన దేశంలో ఆ కొలతకు పునాది 1802లో పడింది. మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఆధారరేఖ కొలిచి త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు.

పటాలు వచ్చాక ప్రశ్నలు వచ్చాయి. 1945లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హోర్టన్ వాగులను, ఉపనదులను శ్రేణులుగా విభజించాడు. పరీవాహక ప్రాంతంలో ఏ ఎత్తున ఎంత నేల మిగిలిందో 1952లో ఆర్థర్ స్ట్రాలర్ వక్రరేఖగా గీసి, కోత ఏ దశకు చేరిందో అంచనా కట్టాడు. వర్జీనియా, మేరీల్యాండ్ వాగుల పొడవుకూ పరీవాహక వైశాల్యానికీ ఉన్న సంబంధాన్ని 1957లో జాన్ హ్యాక్ చూపాడు. వీళ్లంతా కాంటూరు పటాల మీద చేత్తో కొలిచినవాళ్లే.

ఎత్తులను అంకెలుగా కంప్యూటరుకు ఇచ్చే పద్ధతి మాత్రం రోడ్ల కోసం పుట్టింది. 1958లో చార్లెస్ మిల్లర్, లాఫ్లామ్ దాన్ని హైవేల రూపకల్పనకు ప్రతిపాదించారు. నదుల అధ్యయనానికి మలుపు 1984లో వచ్చింది. నేలను గళ్లుగా విడదీసి, ప్రతి గడిలోని నీరు చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో ఎక్కువ వాలున్న వైపుకే పారుతుందని ఓకాలహాన్, మార్క్ లెక్కగట్టారు. ఒక్కో గడికి పైనుంచి ఎన్ని గళ్ల నీరు చేరుతుందో కూడితే నదీజాలం దానంతటదే తేలుతుంది.

ఇక కావలసింది ప్రపంచమంతటి ఎత్తులు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 60 మీటర్ల స్తంభం చివర రెండో రాడార్ యాంటెన్నాతో 11 రోజులు తిరిగి, భూభాగంలో దాదాపు 80 శాతాన్ని కొలిచింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణాల్లో తీసింది. ఆ జంట చిత్రాల నుంచి తయారైన ఎత్తుల పటాలను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ‘భువన్’ ద్వారా అందిస్తోంది.

ఈ అంకెల విలువ కోసి నది దగ్గర తెలుస్తుంది. హిమాలయాల నుంచి తెచ్చిన ఒండ్రుతో అది విసనకర్ర ఆకారంలో విశాలమైన మైదానాన్ని పేర్చింది. కరకట్టల మధ్య మేట వేసి, చాలాచోట్ల బయటి పొలాల కంటే ఎత్తుకు చేరింది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కట్ట తెగగానే పల్లాన ఉన్న తన పాత దారులు పట్టింది. ఎత్తుల పటంలో ఆ దారులు ముందే కనిపిస్తాయి. అందుకే ఎత్తుల కొలతను ప్రాణరక్షణ శాస్త్రంగా చూడాలి.

అయినా ఎత్తు రూపాన్ని చెబుతుంది గానీ వయసు చెప్పదు. పాత పాయ ఎప్పుడు ఎండిందో తెలియాలంటే తవ్వి, ఇసుక వయసు కట్టాల్సిందే. పైగా రాడార్ చెట్ల తలలను కూడా నేలగా లెక్కిస్తుంది. అడుగు తేడాతో నీటి దారి మారిపోయే గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొన్ని మీటర్ల పొరపాటు చిన్నది కాదు. ఆకుల సందుల్లోంచి లేజర్ కాంతితో నేలను తాకే లైడార్ కొలతలు మన డెల్టాలకు పూర్తిగా జరగాలి. అవి పరిశోధకులకే కాదు, పంచాయతీలకూ చేరాలి. నీళ్లు ముందు ఎటు వస్తాయో తెలుసుకునే హక్కు ఆ ఊళ్లదే.