గది మూలే బాకా, గాలే స్ప్రింగు

సైకిలు పంపు గొట్టం చివరను బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని కిందికి నొక్కి వదలండి. పిడి తిరిగి పైకి లేస్తుంది. పంపులో చిక్కుకున్న గాలి స్ప్రింగులా పనిచేసిందన్నమాట. ఈ చిన్న విషయమే 1954లో ఖరీదైన లౌడ్‌స్పీకర్ల రూపాన్ని మార్చేసింది. ఎలాగో చూద్దాం.

లౌడ్‌స్పీకర్‌లో కాగితపు శంకువు, దానికి అంటుకున్న తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. ఈ నమూనాను అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ 1925లో వివరించారు. చుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా శంకువు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అది ముందుకు కదిలినప్పుడు ఎదుట గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనక తగ్గుతుంది. మంద్రస్వరాలలో ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే స్పీకర్‌కు పెట్టె కావాలి.

ఎంత పెట్టె? సెకనుకు 40 కంపనాలుండే స్వరాన్ని తీసుకోండి. ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. దాన్ని 40తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 8.6 మీటర్లు! చిన్న శంకువు ఇంత పొడవైన తరంగాన్ని పుట్టించడం కష్టం.

పాత గ్రామఫోను బాకాను చూశారా? సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే బాకా, కంపన శక్తిని గాలికి చక్కగా అందిస్తుంది. కాని మంద్రస్వరాలకు తగిన బాకా గదిలో పట్టదు. ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో 1946లో కంపెనీ స్థాపించిన పాల్ క్లిప్ష్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. బాకాను పెట్టెలోనే మడతలుగా అమర్చి, పెట్టెను గది మూలలో నిలిపాడు. రెండు గోడలూ, నేలా కలిసి బాకా చివరి భాగమయ్యాయి! ఇదే ‘క్లిప్ష్‌హార్న్’. ఆనాటి వాల్వు యాంప్లిఫయర్లు ఇచ్చే కొద్ది వాట్లకే అది గదంతా మార్మోగేది. అయితే బీరువాకు సరిపడే ఖాళీ మూల ఇంట్లో ఉండాలి.

స్పీకర్‌ను చిన్న పెట్టెలో బిగిస్తే ఏమవుతుంది? లోపలి గాలి శంకువును అడ్డుకుని మంద్రస్వరాలను తగ్గిస్తుంది. ఎడ్గర్ విల్చర్ ఈ అడ్డంకినే సాయంగా మార్చుకున్నాడు. గాలే స్ప్రింగైతే, శంకువును పట్టి ఉంచే బిగుతైన అంచులు ఎందుకు? అతడు వాటిని బాగా వదులు చేసి, పెట్టెను గాలి చొరకుండా మూసేశాడు. గాలి స్ప్రింగు మామూలు అంచులకన్నా సమంగా పనిచేయడంతో ధ్వనిలో వికారమూ తగ్గింది. తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో ‘ఏఆర్-1’ తయారుచేశాడు. 1958లో వచ్చిన ‘ఏఆర్-3’ ఎత్తు సుమారు 25 అంగుళాలే! అదే కాలంలో స్టీరియో రికార్డులు వచ్చి, ఇంటికి రెండు స్పీకర్లు అవసరమయ్యాయి. రెండు బీరువాలకు చోటెక్కడ? చిన్న పెట్టెలకు గిరాకీ పెరిగింది.

కాని ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. క్లిప్ష్‌హార్న్‌కు ఒక వాటు చాలిన చోట, ఏఆర్-3కి పదుల వాట్లు కావాలి. ఈ లెక్కను హెన్రీ క్లాస్ సహచరుడు ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో చెబుతారు: లోతైన మంద్రస్వరం, చిన్న పెట్టె, తక్కువ విద్యుత్తు - ఈ మూడింటిలో రెండే దక్కుతాయి.

ఈ నియమం నేటికీ మారలేదు. అరచేతిలో పట్టే స్పీకర్‌నూ, జాతరలో మోగే స్పీకర్ల వరుసనూ ఈసారి గమనించండి. తయారుచేసినవారు ఒక్కోదానిలో దేన్ని వదులుకున్నారో మీరే చెప్పగలరు.