రెండు కళ్లకూ శుక్లాలు: శస్త్రచికిత్స ఒకే రోజా, వేర్వేరు రోజులా?

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పదవీ విరమణ చేసిన పెద్దలకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఏర్పడితే, ఆస్పత్రికి తోడు వచ్చే కుమారుడో కుమార్తెో రెండుసార్లు సెలవు పెట్టి రావలసి ఉంటుంది. రెండు కళ్లకూ ఒకే రోజు శస్త్రచికిత్స చేయించుకోవచ్చా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది.

కంటిలోని సహజ కటకం మసకబారడమే శుక్లం. 2015-19 జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో 50 ఏళ్లు పైబడినవారి అంధత్వానికి 66.2 శాతం మేర కారణం ఇదే. మసకబారిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చడం ఒక్కటే దీనికి చికిత్స.

వేర్వేరు రోజులు ఎందుకు?

మన దేశంలో సాధారణంగా ఒక కంటికి చేసి, అది కోలుకున్నాక రెండో కంటికి చేస్తారు. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది ఎండాఫ్తాల్మైటిస్ అనే కంటి లోపలి ఇన్‌ఫెక్షన్. ఇది అరుదైనదే అయినా, సోకితే చూపు పూర్తిగా పోవచ్చు. రెండు కళ్లకూ ఒకేసారి సోకితే మనిషికి ఆధారమే ఉండదు. రెండోది కటకం పవర్. మొదటి కంటి ఫలితాన్ని చూసి రెండో కంటికి అమర్చే కటకాన్ని సరిదిద్దుకునే వీలుంటుంది.

అయితే ఈ విరామానికీ మూల్యం ఉంది. రెండు కళ్ల చూపులో తేడా వల్ల మెట్లు దిగేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు వృద్ధులు తూలిపడే ప్రమాదం ఉంటుంది. కొందరు రెండో కంటి శస్త్రచికిత్సను వాయిదా వేస్తూ చివరికి మానేస్తారు.

ఒకే రోజు విధానం

ఫిన్లాండ్ వంటి దేశాల్లో ఒకే రోజు విధానం చాలాకాలంగా అమలులో ఉంది. నెదర్లాండ్స్‌లోని 10 ఆస్పత్రుల్లో 865 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఆశించిన పవర్‌కు ఒక డయాప్టర్ లోపు ఫలితం ఒకే రోజు విధానంలో 97 శాతం మందికి, వేర్వేరు రోజుల విధానంలో 98 శాతం మందికి లభించింది. అయితే ముప్పు ఎక్కువగా ఉన్న రోగులను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు.

ఈ విధానానికి ప్రాణం వంటి నియమం ఒకటుంది. రెండో కంటిని వేరొక రోగి కన్నుగా భావించాలి. పరికరాలను విడిగా శుద్ధి చేయాలి. వీలైనంతవరకు ద్రవాలు, మందులు వేరే బ్యాచ్‌వి వాడాలి. చేతి తొడుగులు, వస్త్రాలు మార్చాలి. మొదటి కంటిలో ఏ చిక్కు ఎదురైనా రెండో కంటిని ఆ రోజు ముట్టుకోరాదు.

ఈ నియమాల విలువ ఛత్తీస్‌గఢ్‌కు అనుభవపూర్వకంగా తెలుసు. 2011లో బాలోద్ నేత్ర శిబిరంలో శస్త్రచికిత్స చేయించుకున్న పలువురు చూపు కోల్పోయారు. 2024 అక్టోబరులో దంతెవాడ జిల్లా ఆస్పత్రిలో శస్త్రచికిత్స జరిగిన కొందరికి ఇన్‌ఫెక్షన్ సోకగా, వారిని రాయపూర్‌కు తరలించారు. శుద్ధిలో ఒక్క లోపం జరిగితే అది ఆనాటి రోగులందరినీ తాకగలదు. అదే లోపం ఒకే మనిషి రెండు కళ్లనూ తాకరాదన్నదే ఈ జాగ్రత్తల ఉద్దేశం.

ఎవరు ఆగాలి?

అదుపులో లేని మధుమేహం, కనురెప్పల ఇన్‌ఫెక్షన్, అధిక హ్రస్వదృష్టి, నల్లగుడ్డు పొర బలహీనత ఉన్నవారికి, గతంలో లేజర్‌తో కళ్లద్దాలు తీసేయించుకున్నవారికి వేర్వేరు రోజులే మేలు. ఒక కంటికే శుక్లం ముదిరినవారు తొందరపడనక్కర లేదు.

నిర్ణయానికి ముందు వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. నా కళ్లకు ప్రత్యేకమైన ముప్పు ఏదైనా ఉందా? రెండో కంటికి పరికరాలు, మందులు వేరుగా వాడతారా? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరిని సంప్రదించాలి? వీటికి స్పష్టమైన సమాధానం దొరకని చోట, రెండుసార్లు వెళ్లే శ్రమే క్షేమం.

ఏ విధానమైనా, శస్త్రచికిత్స తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తదుపరి పరీక్ష తేదీ వరకు వేచి ఉండకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి వారంలో మరింత జాగరూకత అవసరం.