పన్నెండు గంటల లెక్క

మీర్‌పేట్ టీకేఆర్ కమాన్ దగ్గరి రక్తపరీక్షల సెంటర్లో పొద్దున్నే షుగర్ వాళ్లు, థైరాయిడ్ వాళ్లు. నా పక్కన ఒకాయన గోలీ జేబులోనే పెట్టుకుని కూర్చున్నాడు. "అంకుల్, రాత్రి గోలీ ఎన్నింటికి వేసుకున్నరు?" అంది రక్తం తీసే అమ్మాయి. ఏడున్నరకన్నాడు. "అయితే ఇంకో అరగంట కూసోండి." లిథియం స్థాయి చూడాలంటే చివరి గోలీ వేసుకుని పన్నెండు గంటలు కావాలి. ఇంట్లో మాత్రం షుగర్ పరీక్షకని చెప్పి వచ్చాడట.

ఈ లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. 1817లో స్వీడన్‌లో ఆర్ఫ్వెడ్‌సన్ ఒక రాయిలో లిథియాన్ని కనిపెట్టాడు. ఆ శతాబ్దంలో దాన్ని గౌట్ నొప్పులకు వాడారు. 1929లో అమెరికాలో వచ్చిన సెవెనప్‌లోనూ కలిపారు. 1940ల చివర్లో అక్కడే గుండెజబ్బు వాళ్లకు మామూలు ఉప్పు బదులు లిథియం క్లోరైడ్ అమ్మారు. ఎంత తిన్నారో, ఒంట్లో ఎంత నిలిచిందో ఎవరూ చూడలేదు. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. కొందరు చనిపోయారు, 1949లో ఆ అమ్మకం ఆగింది.

సరిగ్గా అదే ఏడాది మెల్‌బోర్న్‌లో జాన్ కేడ్ వ్యాసం వచ్చింది. జపాన్ వాళ్ల చేతిలో యుద్ధఖైదీగా మూడేళ్లు పైగా ఉండి వచ్చిన డాక్టర్ ఆయన. ఉన్మాదంతో ఉన్న పదిమందికి లిథియం ఇస్తే నిమ్మళించారు. ఏళ్ల తరబడి వార్డులోనే ఉన్న 51 ఏళ్ల మనిషి ఇంటికి వెళ్లాడు. మందు మానాడు, మళ్లీ వచ్చాడు, చివరికి 1950లో ఆ మందే విషమై చనిపోయాడు. కేడ్ తన ఆసుపత్రిలో లిథియం వాడకం ఆపేశాడు. మందును నిలబెట్టింది అదే నగరంలో ట్రాట్నర్ బృందం: జ్వాల రంగును బట్టి రక్తంలో లిథియాన్ని కొలిచే పద్ధతితో వందమందికి పైగా పరీక్షించి 1951లో ప్రకటించారు. కేడ్ పేరు అందరికీ తెలుసు, ట్రాట్నర్‌ను తలిచేవాళ్లు తక్కువ. నాకైతే అసలు మలుపు అక్కడే ఉందనిపిస్తుంది.

డెన్మార్క్‌లో షౌ, బాస్ట్రప్ మరో అడుగు వేశారు: జబ్బు మళ్లీ రాకముందే ఆపడం. లండన్ వాళ్లు దీన్ని కట్టుకథ అన్నారు. 1970లో జవాబు వచ్చింది. లిథియం కొనసాగించిన 45 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. ఉత్త గోలీకి మారిన 39 మందిలో 21 మందికి తిరగబెట్టింది. మనవైపు మదురైలో ఎ. వెంకోబారావు బృందం 1982లో లిథియంపై తమ పరిశీలనలు ప్రచురించింది. ఆత్మహత్యలపై దీర్ఘకాలం పనిచేసిన డాక్టరూ ఆయనే.

ఆత్మహత్య మాటకొస్తే, 2013లో 48 పరీక్షలను కలిపి చూసిన సిప్రియానీ బృందం లిథియం తీసుకున్నవాళ్లలో ఆ మరణాలు తక్కువని తేల్చింది. అమెరికా మాజీ సైనికులు 519 మందిపై జరిగిన పరీక్షలో మాత్రం తేడా కనిపించలేదు. అయితే అందులో రక్తంలో స్థాయి తక్కువగానే ఉంది, గోలీలు సరిగా వేసుకున్నవాళ్లూ కొద్దిమందే. అందుకని ఆ ఫలితంతో మందును కొట్టిపారేయలేను, అలాగని ప్రతి బాధకూ ఇదే మందని కూడా అనను.

ఇక ఇలాంటి మందుల కోసం వెళ్లే చోటు సంగతి. జాల్నాలోని మానసిక వైద్యశాల 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. అప్పటినుంచి ఆ ఊరిపేరే తిట్టయి కూర్చుంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా అక్కడ దిగొచ్చు. అయినా ఎక్కడికని ఎవరైనా అడిగితే అమీర్‌పేట అంటానన్నాడు పక్కాయన.

ఆయన చీటీలో లిథియంతోపాటు క్రియాటినిన్, థైరాయిడ్ కూడా రాసి ఉన్నాయి. రక్తంలో లిథియం స్థాయిని మామూలుగా 0.6 నుంచి 1.0 దాకా ఉంచుతారు, 1.5 దాటితే ప్రమాదం. మే నెల ఎండకు ఒళ్లు ఎండినా, విరేచనాలు పట్టుకున్నా, బీపీకని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంకె పైకి పోతుంది. మోకాళ్ల నొప్పులంటే మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేసే డైక్లోఫెనాక్‌తోనూ అంతే. పోయినేడు ఆయన చేతులు వణికింది దానివల్లేనట. కౌంటర్లో గోలీ ఇచ్చిన కుర్రాడికి, ఇంకేం మందులు వాడుతున్నదీ ఆయన చెప్పలేదు.