ఫ్లాష్ కార్డులు

ఒక వైపు ప్రశ్న, వెనుక జవాబు రాసుకుని, వెనక్కి తిప్పకుండానే జవాబు గుర్తుచేసుకునే అట్టముక్కలు. చదవడం నేర్పడానికి ఇలాంటివాటిని ఇంగ్లండులో ఫావెల్ లీ మోర్టిమర్ 1834 ప్రాంతంలో వాడారంటారు. అరల పెట్టె పద్ధతి సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఆయన పుస్తకం 1972లో వెలువడిందని ఎక్కువచోట్ల, 1973 అని కొన్నిచోట్ల ఉంది. జవాబు సరైతే కార్డు తర్వాతి అరకు, తప్పితే మళ్లీ మొదటి అరకు వెళ్తుంది. 2006లో వచ్చిన ఆంకీ అనే ప్రోగ్రాంలో ఏ కార్డు ఎప్పుడు చూడాలన్న లెక్కంతా కంప్యూటరే చూసుకుంటుంది.

కార్డు ఎలా రాయాలో చూడటానికి ముంబై తెలుగు పిల్లల మరాఠీ చదువును ఉదాహరణగా తీసుకుందాం. ఆ నగరంలోని కామాఠీపురాలో నిజాం ఇలాకా నుంచి కూలిపనులకు వచ్చిన తెలుగువారు 18వ శతాబ్దం చివర స్థిరపడ్డారని సాధారణ అభిప్రాయం. ధారావి, వర్లీ ప్రాంతాల్లోనూ తెలుగు కుటుంబాలున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. 2020 నాటి మహారాష్ట్ర చట్టం పదో తరగతి దాకా మరాఠీని తప్పనిసరి చేసింది. ఈ కుటుంబాల పిల్లలకు కార్డు ఎలా రాయాలన్నది మరాఠీ దగ్గరే బాగా తెలుస్తుంది.

తెలుగులో దారి, గల్లీ, ఇల్లు అన్నీ 'అది'. మరాఠీలో లింగాన్ని బట్టి తో రస్తా, తీ గల్లీ, తే ఘర్. కార్డు మీద ఒట్టి 'ఘర్' అని రాస్తే అర్థం వస్తుంది, లింగం రాదు. అందుకే ముందు వైపు 'ఆ ఇల్లు', వెనుక 'తే ఘర్' అని రాయాలి.

అంకెలది మరో చిక్కు. 59ని 'ఏకోణసాఠ్' అంటారు, అంటే అరవైకి ఒకటి తక్కువ. 'సాఠ్' వినగానే అరవైల్లోకి వెళ్లి 69 అనేసే అవకాశం ఎక్కువ. 49, 59, 69లను ఒకే కార్డు మీద కుక్కకుండా విడివిడిగా రాసి, కలిపి తిప్పితే తేడా పట్టుబడుతుంది.

ఇక చూడకుండా గుర్తుచేసుకోవడం పనిచేస్తుందా అంటే, మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికీల 2006 ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకున్నవారే ముందున్నారు.

ఒకసారి చదివాక మళ్లీ చూడటానికి విరామం ఎంతన్నది పరీక్షకున్న గడువును బట్టి మారుతుంది. 2008లో సెపెడా బృందం వారం గడువుకు అందులో 20–40 శాతం, ఏడాదికి 5–10 శాతం మేలని తేల్చింది. ఏడాదికైతే అది సుమారు మూడు నుంచి అయిదు వారాలు. విరామాలు పెరుగుతూ పోవాలా, సమానంగా ఉండాలా అన్న వాదం తెగలేదు. విరామం ఉండటమే ముఖ్యమన్న మాటకు ఆధారాలు బలంగా ఉన్నాయి.

వచ్చేసిందనుకుని కార్డును పక్కన పెట్టేయడం మామూలే. కార్నెల్, బ్యోర్క్‌ల 2008 ప్రయోగాల్లో అలా చేసినవారికి జరిగిన నష్టం చిన్నదే అయినా, మళ్లీ మళ్లీ కనిపించింది.